టిల్లీ అత్తయ్య అడగని కెర్నల్

యంత్రం వెనుక మనుషులు – 23వ భాగం

కిందటి భాగాన్ని ఐబీఎం 360 యంత్రాల గదిలో, పంచ్ కార్డుల పెట్టెల మధ్య ఆపాం. ఓఎస్/360ని కొత్త యంత్రం మీదికి దించాలంటే ముందు ‘సిస్‌జెన్’ చెయ్యాలని చెప్పుకున్నాం. ఏ డిస్కులున్నాయి, టేపులెన్ని, ప్రింటర్ ఏ రకం అన్న వివరాలన్నీ కార్డుల మీద కొట్టించాలి. మొదటి దశలో యంత్రం వాటిని చదివి కొత్త కార్డుల కట్ట ఒకటి తయారుచేసి ఇచ్చేది. ఆ కట్టను మళ్లీ యంత్రంలో పెడితే రెండో దశలో అసలు సిస్టమ్ తయారయ్యేది. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను కట్టడానికి కావలసిన వివరాలు తానే రాసిపెట్టడం అన్నమాట. ఈ వారం అదే పని యూనిక్స్ ఇంట్లో ఎంత చిన్నగా మొదలైందో, లైనక్స్ ఇంటికి వచ్చేసరికి ఎంత పెద్ద తగవుకు దారితీసిందో చూద్దాం.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో డిస్కునూ మెమరీనీ ప్రాసెసర్‌నూ నేరుగా చేతిలో పెట్టుకునే భాగం కెర్నల్. అది అన్ని యంత్రాలకూ ఒకటే ఉంటే పోదా అని అడగవచ్చు. ఇప్పుడు దాదాపు అలాగే ఉంది. 1975లో అలా కుదిరేది కాదు. యూనిక్స్ పెరిగిన పీడీపీ-11లలో చాలావాటికి మెమరీ పావు మెగాబైట్ దాటదు. యంత్రం ఆపేదాకా కెర్నల్ ఆ మెమరీలోనే కూర్చుని ఉంటుంది. లేని టేపు డ్రైవ్‌కు డ్రైవర్ పెట్టుకుంటే అంత జాగా జనం ప్రోగ్రాములకు తగ్గినట్టే. అందుకని కొలతలిచ్చి చొక్కా కుట్టించుకున్నట్టు ప్రతి యంత్రానికీ దాని కెర్నల్‌ను దానికే కట్టుకునేవారు. ఆ కొలతలు రాసుకునే కాగితమే కాన్ఫిగరేషన్ ఫైల్.

1975లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన ఆరో ఎడిషన్ యూనిక్స్‌లో ఈ పనికి ‘ఎంకే‌కాన్ఫ్’ అనే చిన్న ప్రోగ్రామ్ ఉండేది. దాన్ని నడిపి మీ పరికరాల పేర్లు ఒక్కో లైనుకు ఒక్కటి చొప్పున కొట్టాలి. ఒకే రకానివి చాలా ఉంటే పేరుకు ముందు అంకె వెయ్యాలి. అది రెండు ఫైళ్లు రాసి ఇచ్చేది. ‘సి.సి’లో ఏ పరికరానికి ఏ డ్రైవర్ అన్న పట్టిక. ‘ఎల్.ఎస్’లో ఏ పరికరం తలుపు తడితే కెర్నల్‌లో ఏ చోటికి వెళ్లాలన్న అసెంబ్లీ కోడ్. రూట్ డిస్క్ ఏది, స్వాప్‌కు ఏది అన్నది మీరే ఎడిటర్‌తో సి.సి తెరిచి దిద్దుకోవాలి. ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు నడవొచ్చు అన్నది ‘పరామ్.హెచ్’లో ఉండేది: 50. డిస్క్ బఫర్లు 15. తెరిచి ఉంచదగ్గ ఫైళ్లు మొత్తం మీద 100. సరిపోకపోతే అంకె మార్చి మళ్లీ కంపైల్ చేసుకోవడమే.

ఒక తమాషా ఏమంటే గడియారం కూడా ఇలాంటి దిద్దుబాటే. మీ యంత్రం అమెరికా తూర్పు తీరపు కాలమానంలో లేకపోతే ఫలానా సి ఫైల్ తెరిచి మార్చుకోండి అని ఇన్‌స్టాల్ సూచనల్లోనే రాశారు. ఆ ఊహ మొత్తం న్యూజెర్సీది. అక్కడే బెల్ ల్యాబ్స్.

ఈ పద్ధతిలో ఎవరూ ఎవరినీ ప్రశ్నలడగరు. యంత్రం తెలిసినవాడే కోడ్ తెలిసినవాడు, ఫైల్ రాసేదీ అతనే. కెర్నల్ మొత్తం తొమ్మిది వేల లైన్ల చిల్లర. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ దాన్ని ఆసాంతం విద్యార్థులకు పాఠంగా చెప్పేశాడంటే ఎంత చిన్నదో ఊహించుకోవచ్చు. అంత కోడ్ ఒక మనిషి బుర్రలో పట్టినంత కాలం కాన్ఫిగరేషన్ అన్నది సమస్యే కాదు. పట్టని రోజు వచ్చినప్పుడు ఏమైందన్నదే మన కథ.

ఆ రోజు మొదట వచ్చింది కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో. అక్కడికి డిజిటల్ కంపెనీ కొత్త వ్యాక్స్ యంత్రాలు వచ్చాయి. బర్క్‌లీ కుర్రాళ్లు ఒకదానికి హాస్యనటుడు ఎర్నీ కోవాక్స్‌ను తలుచుకుని ‘ఎర్నీ కో-వ్యాక్స్’ అనీ, ఇంకోదానికి సినీతార కిమ్ నోవాక్ మీద ‘కిమ్ నో-వ్యాక్స్’ అనీ పేర్లు పెట్టుకున్నారు. యంత్రం పేరే దాని కాన్ఫిగరేషన్ ఫైల్‌కూ పెట్టడం, అదీ పెద్దక్షరాల్లో రాయడం అక్కడి ఆనవాయితీ. అన్ని పరికరాలకూ పనికొచ్చే పెద్ద కెర్నల్ ఫైల్‌కు మాత్రం జెనరిక్ అని పేరు. టేపు మీద వచ్చిన జెనరిక్ కెర్నల్‌తో యంత్రాన్ని లేపి, తర్వాత సొంతం కట్టుకోవాలి.

బర్క్‌లీ ‘కాన్ఫిగ్’ ప్రోగ్రామ్ చదివే ఆ ఫైల్‌ను ఇప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. యంత్రం వ్యాక్స్. సీపీయూ 780. కాలమానం గ్రీనిచ్‌కు పడమర 8 గంటలు. తూర్పున ఉన్నవాళ్లు మైనస్ గుర్తు వేసుకోవాలి. ‘మ్యాక్స్‌యూజర్స్’ 32. తర్వాత కంట్రోలర్లు, వాటికి తగిలించిన డిస్కులు, చివర్న హార్డ్‌వేర్ లేని ఉత్తుత్తి పరికరాలు. ఇదంతా చదివి కాన్ఫిగ్ ఒక మేక్‌ఫైల్, పరికరాల పట్టిక ఉన్న సి ఫైల్, ‘ఏది ఎన్ని’ అని ఒక్కో అంకె రాసిన బుల్లి హెడర్ ఫైళ్లు పుట్టించేది. ఆరో ఎడిషన్‌లో చేత్తో దిద్దిన అంకెలు ఇక్కడ లెక్కలయ్యాయి. ప్రాసెస్‌ల పట్టిక పరిమాణం మ్యాక్స్‌యూజర్స్‌ను ఎనిమిదితో గుణించి 20 కలిపినంత. అంటే 32కి 276. పేరు చూసి అంతకు మించి జనం లాగిన్ కాలేరనుకునేవారు కొందరు. అదేం కాదు, అది పట్టికల సైజు నిర్ణయించే మీట. ఆ అపార్థం తర్వాత బర్క్‌లీ వారసుడైన ఫ్రీబీఎస్‌డీ దాకా ఏళ్ల తరబడి వెంట వచ్చింది.

అసలు మలుపు ఇది కాదు. 1981 జూన్‌లో వచ్చిన బర్క్‌లీ యూనిక్స్ 4.1బీఎస్‌డీలో ఆస్ట్రేలియా మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు రాబర్ట్ ఎల్జ్ రాసిన ఆటో కాన్ఫిగరేషన్ కోడ్ చేరింది. (దాన్ని 5బీఎస్‌డీ అనాలనుకున్నారు, తమ యూనిక్స్ అయిన సిస్టమ్ V తో జనం తికమకపడతారని ఏటీ అండ్ టీ అభ్యంతరపెట్టింది. 4 దగ్గరే ఆగి చుక్కలు పెట్టుకుంటూ పోవడం అందుకే.) ఎల్జ్ కోడ్ వచ్చాక ఫైల్‌లో ఫలానా కంట్రోలర్ సరిగ్గా ఎక్కడుందో చెప్పనక్కర్లేదు, ప్రశ్నార్థకం పెడితే చాలు. యంత్రం లేచేటప్పుడు కెర్నల్ తానే ఒక్కో చోటా తట్టి చూసి, పలికినదాన్ని తగిలించుకుంటుంది. ఫైల్ చెప్పేది ఏమేం ఉండవచ్చో; నిజంగా ఏముందో తేల్చేది బూట్ సమయం. ఈ రెండు ప్రశ్నల్నీ విడదీసిన పని ఎంత గొప్పదో అప్పుడెవరికీ పూర్తిగా అర్థమైనట్టు లేదు. మరో ఇరవై ఏళ్లకు లైనక్స్‌వాళ్లు కొట్లాడుకున్నది సగం దీని గురించే.

ఇక హెల్సింకి. 1991 సెప్టెంబర్‌లో లినస్ టోర్వాల్డ్స్ బయటపెట్టిన లైనక్స్ 0.01లో ‘కాన్ఫిగ్.హెచ్’ అని ఒక ఫైల్ ఉంది. అందులో ఎంచుకోవలసినవి రెండే: లినస్ హార్డ్‌డిస్క్, లేదా లాసు హార్డ్‌డిస్క్. లినస్‌ది ఎంచుకుంటే మెమరీ 8 మెగాబైట్లు, లాసుది ఎంచుకుంటే 4. లాసు అంటే యూనివర్సిటీలో లినస్ స్నేహితుడు లార్స్ విర్జెనియస్. లినస్ తర్వాత తన యంత్రంలో లైనక్స్ పెట్టుకున్న మొదటి మనిషి అతనే. అంటే ఆ రోజుకు ప్రపంచంలో ఉన్న లైనక్స్ యంత్రాలన్నిటి జాబితా ఆ ఫైలే. మూడో మనిషి వస్తే తన వివరాలు తానే కొట్టుకోవాలి. ఆ ఏడాది చివర్లో వచ్చిన 0.11లో కీబోర్డ్ కూడా ఆప్షనైంది. మీరేమీ మార్చకపోతే ఫిన్లాండ్ కీబోర్డే. న్యూజెర్సీ గడియారం లాగే.

మనుషులు వేలల్లోకి పెరిగాక హెడర్ దిద్దడం కుదరలేదు. రేమండ్ చెన్ ‘కాన్ఫిగర్’ అనే షెల్ స్క్రిప్ట్ మొదట రాశాడు. ‘మేక్ కాన్ఫిగ్’ అని కొడితే అది ఒక్కో ప్రశ్నా అడుగుతుంది. నెట్‌వర్క్ కావాలా? స్కజీ కావాలా? వై, ఎన్. 1995కు మాడ్యూళ్లు స్థిరపడ్డాక మూడో జవాబు ‘ఎమ్’ చేరింది: కెర్నల్‌లో కలపకు, విడిగా కంపైల్ చేసి ఉంచు, అవసరమైతే ఎక్కిస్తాను. మీ జవాబులన్నీ ‘డాట్ కాన్ఫిగ్’ అనే ఫైల్‌లో పడతాయి. దాని పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా డైరెక్టరీ చూస్తే కనబడదు. పైన ‘ఇది యంత్రం పుట్టించిన ఫైల్, దిద్దొద్దు’ అన్న హెచ్చరిక ఉంటుంది. దాన్ని దిద్దని లైనక్స్‌వాడు ఉంటాడా?

మన దేశంలో చాలామందికి లైనక్స్ తొలి పరిచయం 1990ల నడుమ పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీలతోనే. ఆ రోజుల్లో మేక్ కాన్ఫిగ్ ముందు కూర్చున్నవాళ్లకు ఆ అనుభవం గుర్తుండే ఉంటుంది. సౌండ్ బ్లాస్టర్ కార్డ్ ఐఆర్‌క్యూ ఎంత అని అడుగుతుంది. కార్డ్ కొన్న దుకాణదారుడికీ తెలియదు. 5 అనో 7 అనో ఏదో కొట్టి ముందుకు పోవడమే. వందో ప్రశ్న దగ్గర ముప్ఫయ్యో ప్రశ్నకు తప్పు చెప్పానని తట్టినా వెనక్కి పోయే దారి లేదు. కంట్రోల్-సి కొట్టి మొదటికి రావాలి. కంపైల్ కావడానికి 486 మీద గంటలు. అంతా అయ్యాక కెర్నల్ మరీ పెద్దదైపోయింది, బూట్ కాదు అనేది. అప్పటి జీఇమేజ్ పద్ధతిలో కుదించిన కెర్నల్ పాత పీసీల మొదటి 640 కిలోబైట్ల హద్దులోనే ఇమడాలి, అంటే సుమారు అర మెగాబైట్ లోపు. కాబట్టి ‘ఎన్’ కొట్టడం పొదుపు కాదు, తప్పనిసరి. 1996లో బీజీఇమేజ్ వచ్చాకే ఆ గొంతుపిసుకుడు తగ్గింది.

1996 జూన్‌లో లైనక్స్ 2.0 వచ్చేసరికి ప్రశ్నలడిగే దారులు మూడయ్యాయి. పాత మేక్ కాన్ఫిగ్ ఉండనే ఉంది. విలియం రోడ్‌క్యాప్ రాసిన ‘మెనూకాన్ఫిగ్’ నీలి తెర మీద మెనూలు చూపింది. వెనక్కి ముందుకి తిరగొచ్చు, పాపం అదే పెద్ద వరం. ఎరిక్ యంగ్‌డేల్ ‘ఎక్స్‌కాన్ఫిగ్’ కిటికీలూ బటన్లతో వచ్చింది. మూడూ చదివేవి ఒకే ‘కాన్ఫిగ్.ఇన్’ ఫైళ్లను; కానీ ఆ ఫైళ్ల భాష నిజానికి షెల్ భాషలో ఒక ముక్క. మొదటి రెండూ బాష్‌తోనే దాన్ని నడిపించేవి, మూడోది సి ప్రోగ్రామ్‌తో చదివి టీసీఎల్ అనే ఇంకో భాషలోకి మార్చేది. ఒకే వాక్యానికి మూడు అర్థాలు వచ్చిన సందర్భాలు కోకొల్లలు. మెనూకాన్ఫిగ్‌లో బాగా పనిచేసిన ఫైల్ ఎక్స్‌కాన్ఫిగ్‌లో బొక్కబోర్లా పడేది. మైఖేల్ చాస్టెయిన్ కూర్చుని ఆ భాషకు వ్యాకరణం లాంటిది రాసిపెట్టాడు. పుట్టిన చాలా ఏళ్లకు వ్యాకరణం వచ్చింది, మన భాషలకు మల్లేనే.

ఇక్కడికి వస్తాడు ఎరిక్ రేమండ్. 1997లో ‘ద కథీడ్రల్ అండ్ ద బజార్’ వ్యాసం రాసి ఓపెన్ సోర్స్ ఉద్యమానికి గొంతుకైన మనిషి. మాట పదును, తుపాకుల మీద ప్రేమ, తన మీద తనకు నమ్మకం మెండు. 2000లో ఆయన కెర్నల్ కాన్ఫిగరేషన్‌ను మొత్తం కొత్తగా రాస్తానని ముందుకొచ్చాడు. పాత భాషకు సీఎంఎల్1 అని పేరు పెట్టి, తనదాన్ని సీఎంఎల్2 అన్నాడు. పేరు పెట్టడంతోనే పాతదాన్ని పాతబడేలా చేశాడన్నమాట.

సీఎంఎల్2 తెలివైనది. మీరు ఒక ఆప్షన్‌కు వై అంటే దానికి కావలసినవన్నీ తర్కించి తానే పెట్టేది, పొసగనివాటిని తీసేసేది. నియమాలన్నీ ముందు కంపైల్ చేసి ఒక ఫైల్‌గా దాచుకుంటుంది. నియమాల్లో వైరుధ్యం ఉంటే అక్కడే పట్టుకుంటుంది. మూడు చదువరుల బదులు ఒకటే ఇంజన్, దాని మీద ఎన్ని ముఖాలైనా. 2001 మార్చిలో శాన్ హోసేలో జరిగిన కెర్నల్ సదస్సులో లినస్ దీనికి సరేనన్నాడని, లైనక్స్ 2.5 మొదటి విడుదలల్లోనే చేరుతుందని రేమండ్ చెప్పుకున్నాడు. కథ అక్కడ ముగియాలి. ముగియలేదు.

మొదటి పేచీ పైథాన్. సీఎంఎల్2 పైథాన్‌లో రాశాడు, అదీ కొత్త పైథాన్ 2. అప్పటి రెడ్‌హ్యాట్ 7 సిస్టమ్‌లలో మామూలుగా ఉండేది 1.5.2. కెర్నల్ కట్టడానికి సి కంపైలర్, మేక్, షెల్ ఉంటే చాలన్నది అప్పటిదాకా నడిచిన లెక్క. ఒక మెనూ కోసం మొత్తం భాషను తెచ్చుకోవాలా అన్నారు. రేమండ్‌కు ఇది పాతకాలపు చాదస్తంలా కనిపించింది. నాకు మాత్రం వాళ్ల మాటలో పస ఉందనిపిస్తుంది. ఏ కొత్త యంత్రం మీదికైనా మొట్టమొదట వెళ్లే సాఫ్ట్‌వేర్‌లలో కెర్నల్ ఒకటి. దానికి ముందు ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

రెండో పేచీ ఇంకా లోతైనది. రేమండ్ భాషను మార్చి ఊరుకోలేదు, నియమాలనూ మార్చాడు. ఏ ఆప్షన్ ఎవరికి కనిపించాలి, ఏది దాచాలి అన్న విషయంలో తన అభిప్రాయాలు కలిపేశాడు. డ్రైవర్లు రాసేవాళ్లు మొత్తుకున్నారు. ముందు ఉన్న నియమాలు ఉన్నట్టే కొత్త భాషలోకి తీసుకురా, మార్పుల సంగతి తర్వాత చూద్దాం అని. అది ఏ పాత ఇల్లు మరమ్మతు చేయించుకున్నవాడికైనా తెలిసిన వివేకం. రేమండ్ ఆ పని చేసి ఉంటే మన కథ వేరుగా ఉండేదేమో. వినే స్వభావం కాదు ఆయనది.

2002 జనవరికి వాదన వేడెక్కి టిల్లీ అత్తయ్య రంగప్రవేశం చేసింది. కంప్యూటర్ గురించి ఏమీ తెలియని ఆంటీ టిల్లీ అనే పెద్దావిడను రేమండ్ ఊహించాడు. ఆమె కూడా ఒక్క మీట నొక్కి తన యంత్రానికి సరిపోయే కెర్నల్ కట్టుకోగలగాలి. ఇటాలియన్ పేరుగల జాకొమో కాటెనాజ్జీ అనే ప్రోగ్రామర్ అందుకు యంత్రంలోని హార్డ్‌వేర్ వెతికి జవాబులు తానే నింపే ఆటో కాన్ఫిగరేటర్ కూడా రాశాడు. అవతలివాళ్లు నవ్వారు. టిల్లీ అత్తయ్యకు కెర్నల్ కంపైల్ చేసుకునే అవసరం ఎందుకొస్తుంది? ఆమెకు లైనక్స్ పంపిణీ చేసే రెడ్‌హ్యాటో డెబియనో అన్ని డ్రైవర్లూ మాడ్యూళ్లుగా పెట్టిన కెర్నల్ ఇస్తుంది, యంత్రం లేచేటప్పుడు ఏది కావాలో అది ఎక్కుతుంది. ఎల్జ్ ప్రశ్నార్థకం గుర్తుందా? అదే ఇది. రెండు పక్షాలూ ఒకే సమస్యకు రెండు చివర్లు పట్టుకున్నాయి. రేమండ్ కట్టే ముందే యంత్రాన్ని చూద్దామన్నాడు. మిగతావాళ్లు అన్నీ కట్టేసి లేచాక చూద్దామన్నారు. మెమరీ చవకైన రోజుల్లో రెండోదే గెలిచే మాట.

ఆ వేడిలోనే రేమండ్ ఒక సరదా పని చేశాడు. సీఎంఎల్2కు పాత టెక్స్ట్ అడ్వెంచర్ ఆటలాంటి ముఖం తొడిగాడు. కెర్నల్ మెనూలు గుహలు, మీరు గది నుంచి గదికి నడుస్తూ ఆప్షన్లు ఏరుకోవాలి. తన ఇంజన్ ఎంత వంగుతుందో చూపించడానికే అనుకోండి. అభిమానులు నవ్వుకున్నారు, విమర్శకులకు ఇంకో ఆయుధం దొరికింది.

లినస్ ఈ తతంగమంతా చాలాకాలం మౌనంగా చూశాడు. తర్వాత తనకేం కావాలో చెప్పినప్పుడు అది పైథాన్ గురించి కాదు. అప్పటికి ప్రతి ఆప్షన్ సహాయ వివరణా ఒకే బ్రహ్మాండమైన ‘కాన్ఫిగర్.హెల్ప్’ ఫైల్‌లో ఉండేది. ఇరవై వేల లైన్లు దాటిపోయింది. రేమండ్ దానికి సంరక్షకుడు కూడా అయ్యాడు. ఒక డ్రైవర్ చేర్చాలంటే డ్రైవర్ కోడ్ ఒకచోట, ప్రశ్న ఒకచోట, వివరణ ఈ ఉమ్మడి మహా గ్రంథంలో పెట్టాలి. ఇద్దరు రచయితలు ఒకే వారం పంపితే ఆ ఫైల్ దగ్గర ఢీకొంటారు. డ్రైవర్‌కు సంబంధించినదంతా డ్రైవర్ పక్కనే ఉండాలన్నది లినస్ పట్టు. 2002 మొదట్లోనే ఆ ఫైల్ ముక్కలై డైరెక్టరీల్లోకి పోయింది. సీఎంఎల్2లోనైతే ప్రశ్న పాఠం ఒక విభాగంలో, మెనూ ఇంకోచోట, షరతులు మరోచోట ప్రకటించాలి. తర్కశాస్త్రానికి అది అందం. రాత్రి పదకొండింటికి తన డ్రైవర్ ముగించి నిద్రపోదామనుకునే మనిషికి శిక్ష.

ఆ వసంతంలోనే సీఎంఎల్2 కథ ముగిసింది. రెండేళ్ల పని. బజారే గొప్పదని చాటిన మనిషిని బజారు తిరస్కరించిందని చాలామంది ఎకసెక్కాలాడారు. అది అన్యాయం. రేమండ్ రెండేళ్లు గోల చెయ్యకపోతే పాత భాష ఎంత కుళ్లిపోయిందో ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

ఒప్పుకున్న చోటికి రోమన్ జిప్పెల్ వచ్చాడు. జర్మన్ ప్రోగ్రామర్, పాత అమీగా కంప్యూటర్ల ఫైల్‌సిస్టమ్ మీద, మోటరోలా 68000 ప్రాసెసర్ లైనక్స్ మీద పనిచేసినవాడు. ఉద్యమాలూ సిద్ధాంతాలూ ఆయన ఊసే కాదు. 2002లో కొత్త భాష, దానికి సి లో రాసిన చదువరి, పాత కాన్ఫిగ్.ఇన్‌లను కొత్త రూపంలోకి మార్చే కన్వర్టర్, మూడూ కలిపి తెచ్చాడు. కన్వర్టర్ ఉంది కాబట్టి ఉన్న నియమాలు ఉన్నట్టే వచ్చేశాయి. వివేకం అంటే ఇదీ. ఇంకో జాగ్రత్త చూడండి. భాషను చదివే కోడ్ పుట్టించడానికి బైసన్, ఫ్లెక్స్ అనే పనిముట్లు కావాలి. అవి కూడా కెర్నల్ కట్టేవాడి దగ్గర లేకపోవచ్చని, పుట్టించిన సి ఫైళ్లను ముందే కెర్నల్‌తో పాటు పంపాడు. ఆ ఏర్పాటు 2018 దాకా నడిచింది.

భాష చాలా మామూలుది. ఒక ఆప్షన్ పేరు. బూలా (వై, ఎన్ మాత్రమే) ట్రైస్టేటా (ఎమ్ కూడా). ఏ ప్రశ్న అడగాలి. దేనిమీద ఆధారపడింది. కింద సహాయ వివరణ. పది లైన్లు, అన్నీ ఒకేచోట, డ్రైవర్ ఉన్న డైరెక్టరీలోనే ‘కేకాన్ఫిగ్’ అనే ఫైల్‌లో. సీఎంఎల్2 లాగా తర్కించి సర్దదు. ఆధారం లేకపోతే ఆ ప్రశ్న మీకు కనిపించదు, అంతే. అందుకే ఇప్పటికీ మెనూకాన్ఫిగ్‌లో కావలసిన ఆప్షన్ ఎంత వెతికినా దొరకక, స్లాష్ కొట్టి పేరుతో వెతికితే ఎక్కడో దూరాన ఉన్న మరేదో ఆన్ చెయ్యలేదని తెలుస్తుంది. ‘సెలెక్ట్’ అనే ఒక్క మాట మాత్రం ఇంకో ఆప్షన్‌ను బలవంతంగా ఆన్ చేస్తుంది, దాని షరతులు తీరాయా లేదా చూడకుండా. జాగ్రత్తగా వాడమని కెర్నల్ డాక్యుమెంట్లలోనే రాసిపెట్టారు. అందరూ వాడతారు.

2002 అక్టోబర్ 31న 2.5కు కొత్త ఫీచర్ల తలుపు మూయాలి. దానికి ఒకరోజు ముందు విడుదలైన 2.5.45లో జిప్పెల్ పని చేరింది. గొడవ అసలు లేదని కాదు. ఆయన కొత్త ఎక్స్‌కాన్ఫిగ్‌ను క్యూటీ లైబ్రరీతో రాశాడు, దాని పోటీ లైబ్రరీ జీటీకే అభిమానులకు కోపమొచ్చింది. రోమాఁ లీవాఁ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ జీటీకేతో ‘జీకాన్ఫిగ్’ రాసి ఇచ్చాక సద్దుమణిగింది. పైథాన్ మీద రెండేళ్లు నడిచిన గొడవ ఇక్కడ తొందరగానే తీరిపోయింది. ముఖం ఎవరికి నచ్చినది వాళ్లు పెట్టుకోవచ్చు, లోపలి చదువరి ఒకటే కదా.

అయితే ఒక సంగతి గమనించాలి. ఈ యుద్ధం మొదలైంది వాడేవాడికి ప్రశ్నలు తగ్గించాలని. గెలిచిన భాష ప్రశ్నలు తగ్గించలేదు, రాసేవాడికి రాయడం సులువు చేసింది. రాయడం సులువైతే ఏమవుతుంది? ఆప్షన్లు పెరుగుతాయి. ఇప్పుడు లైనక్స్‌లో అవి పదిహేను వేలు దాటాయి. అన్ని ప్రశ్నలకూ తెలిసి జవాబు చెప్పగల మనిషి భూమ్మీద లేడు, లినస్‌తో సహా. ఆ రకంగా కెర్నల్ అభివృద్ధి చేసేవాళ్లు తమ సమస్య తీర్చుకుని, టిల్లీ అత్తయ్య సమస్యను పంపిణీ కంపెనీల నెత్తిన పెట్టారు. తప్పని నేననను. కానీ అదే జరిగిందని చెప్పాలి.

మనిషి చెప్పలేని జవాబులు యంత్రాలే చెప్పడం మొదలుపెట్టాయి. ‘ఆల్‌యెస్‌కాన్ఫిగ్’ అన్నిటికీ వై అంటుంది, ‘ఆల్‌నోకాన్ఫిగ్’ అన్నిటికీ ఎన్. ‘ర్యాండ్‌కాన్ఫిగ్’ పాచికలు వేసి జవాబులు నింపుతుంది. ఏ బుద్ధిమంతుడూ కోరని కలయికలు అందులో పుడతాయి. నెట్‌వర్క్ లేని నెట్‌వర్క్ కార్డ్, బస్సు లేని పరికరం. కంపైల్ కాకపోతే ఎవరో ఒక ఆధారం రాయడం మరిచారని అర్థం. ఏఆర్ఎమ్ ప్రాసెసర్ల లైనక్స్ వైపు పనిచేసే ఆర్న్డ్ బెర్గ్‌మన్ ఇలా పట్టుకుని దిద్దినవి వందలకొద్దీ. ఇంటెల్ నడిపే పరీక్షా రోబో డెవలపర్ల కొత్త కోడ్‌ను రాత్రింబవళ్లు ఇలాంటి కాన్ఫిగరేషన్లతో కంపైల్ చేస్తూ, తప్పు కనబడితే రాసినవాడికే ఉత్తరం రాస్తుంది.

2010లో ఏఆర్ఎమ్ వాళ్లకు లినస్ చేతిలో చీవాట్లు పడ్డాయి. ఒక్కో బోర్డుకు ఒక్కో ‘డెఫ్‌కాన్ఫిగ్’ చొప్పున వందకు పైగా పూర్తి జవాబు ఫైళ్లు సోర్స్‌లో పేరుకుపోయాయి. ప్రతి విడుదలలో మార్పుల్లో పెద్ద వాటా ఆ యంత్రం పుట్టించిన చెత్తే. తీసిపారేస్తానన్నాడు. ఊవె క్లైనె-క్యోనిగ్ ఒక స్క్రిప్ట్ రాసి, కేకాన్ఫిగ్ ఎలాగూ తానే ఊహించుకునే జవాబులన్నీ ప్రతి ఫైల్ నుంచీ కొట్టేయించాడు. ఒక్క దెబ్బకు లక్షా తొంభై వేల లైన్లకు పైగా పోయాయి. కెర్నల్‌లో ఏమీ మారలేదు. ఆ వెంటనే సామ్ రావ్న్‌బోర్గ్ ఆ పనిని ‘సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్’ అనే ఆదేశంగా చేశాడు. ఇప్పుడు డెఫ్‌కాన్ఫిగ్‌లో ఉండేది మామూలుకు భిన్నంగా మీరు కోరినవి మాత్రమే. బర్క్‌లీ ఫైల్ పొడవుకు మళ్లీ దగ్గరగా వచ్చింది.

టిల్లీ అత్తయ్య సంగతి? 2009 చివర్లో వచ్చిన 2.6.32లో స్టీవెన్ రోస్టెట్ రాసిన ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ చేరింది. ఆయన కెర్నల్ లోపల జరిగేది గమనించే ఎఫ్‌ట్రేస్ రాసిన మనిషి. రోజుకు పదిసార్లు కెర్నల్ కంపైల్ చేసేవాళ్లకు పంపిణీల కెర్నల్‌లోని వేల మాడ్యూళ్లు దండగ. కాబట్టి యంత్రంలో ఇప్పుడు ఎక్కి ఉన్న మాడ్యూళ్లేవో చూసి, మిగతా మాడ్యూళ్లన్నీ తీసేసిన కాన్ఫిగ్ రాసిచ్చే పెర్ల్ స్క్రిప్ట్ తన కోసం రాసుకున్నాడు. రేమండ్ అడిగినదానికి ఇది దగ్గరే, ఏడేళ్లు ఆలస్యంగా, అత్తయ్య కోసం కాకుండా కెర్నల్ వాళ్ల కోసమే. వాడేటప్పుడు ఒక జాగ్రత్త చెబుతారు. నడపబోయే ముందు ఇంట్లో ఉన్న యూఎస్‌బీ పెన్‌డ్రైవ్, ప్రింటర్, వెబ్‌క్యామ్, బ్లూటూత్ అన్నీ ఒకసారి గుచ్చి పెట్టండి. ఆ క్షణాన గుచ్చి లేని పరికరానికి కొత్త కెర్నల్‌లో డ్రైవర్ ఉండదు. ఆ సంగతి ఆరు నెలల తర్వాత, పెళ్లి ఫోటోలున్న కెమెరా తగిలించిన రోజున తెలుస్తుంది.

(సశేషం. వచ్చే భాగంలో: కట్టిన కెర్నల్‌ను మొదటిసారి మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడర్లు, లైలో నుంచి గ్రబ్ దాకా.)